కొసరు వేసిన సంచి

జులై 14, సోమవారం

సీసాలు వెళ్లాయి. పెట్టె మీద ‘తలకిందులు చేయరాదు’ అని పెద్ద అక్షరాలతో రాస్తుంటే కొరియర్ ఆఫీసులో మనిషి, “లోపలేంది మేడమ్, పచ్చడా?” అన్నాడు. నరసరావుపేట నుంచి ఢిల్లీకి పోయేది పచ్చడి తప్ప ఇంకొకటి ఉండదు అతని లెక్కలో. దూసరితీగ వేళ్ల సారం అంటే మళ్లీ అదేమిటని అడుగుతాడు, అందుకని అవునన్నాను.

పచ్చడికన్నా ఎక్కువ చాకిరీ అయింది. వినుకొండ రోడ్డులో పొలాల గట్ల వెంట తీగలు వెతకడం, వేళ్లు తవ్వించడం, కడిగి అన్నయ్య మూలికల కొట్టు వెనక వసారాలో నీడన ఆరబెట్టడం. అక్కడి నుంచి సంచి కాలేజీకి వచ్చాక దంచి, మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఇగిర్చి, చివరికి మిగిలింది అరచేతిలో పట్టేంత నల్లటి జిగురు. దంచుతుంటే చేతిరుమాలుకి పసుపు అంటుకుంది. మంచి రంగు. క్లాసులో పిల్లలకి చూపించి గొప్పలు కూడా పోయాను.

చిన్నప్పుడు ఈ ఆకులు నీళ్లలో పిసికితే నీళ్లు జెల్లీలా గడ్డకట్టేవి. అప్పుడది ఆట. దుర్గి అవతల గూడెంలో చలిజ్వరానికి దీని వేరు కషాయం తాగుతారని విన్న రోజు నుంచి అది నా పని. మా ఫార్మసీ కాలేజీలో మలేరియా క్రిమిని పెంచే వసతి లేదు. ఢిల్లీలో, నాతో చదివిన గోపీచంద్ ల్యాబులో ఉంది. అందుకని అక్కడికి పంపాను. వేరే కారణమేమీ లేదు.

జులై 16, బుధవారం

చేరాయట. ‘అందాయి’ అని ఒక్క మాట. ఆ మాట పక్కన ఒక చుక్క పెట్టడానికి కూడా తీరిక దొరకలేదు మహానుభావుడికి.

జులై 22, మంగళవారం

ఫోన్ కోసం ఎదురు చూడటం లేదు. ఛార్జింగ్‌లో పెట్టి పక్కనే కూర్చున్నాను, అంతే.

జులై 24, గురువారం

వదిన అడిగింది ఇవాళ, కంది పప్పు చెరుగుతూ. “ఆ ఢిల్లీ ఆయన మనోళ్లేనా?” అని. మనవాళ్లు కాదు, పెదకూరపాడు రైతుల బిడ్డ అన్నాను. “నేనడిగింది కులం కాదులేమ్మా” అని చేట దులిపింది. మా కన్యక వదినతో ఇదే చిక్కు. తక్కువ మాట్లాడి ఎక్కువ అడుగుతుంది.

ఏం చెప్పాలి? వైజాగ్‌లో ఎం.ఫార్మసీ చదివినన్నాళ్లూ ఒకే బల్లకి అతను అటు, నేను ఇటు. నా గరాటు అతను కడిగేవాడు, అతని గాజుగొట్టంలో ద్రావకం ఎండిపోకుండా నేను కాపలా కాసేదాన్ని. అంతకు మించి ఒక్క మాట లేదు. చదువైపోయింది, అతను ఢిల్లీ వెళ్లాడు, పెళ్లి చేసుకున్నాడు. నేను ఇక్కడికొచ్చి పాఠాలు చెబుతున్నాను. సంబంధాలు వచ్చాయి. ప్రతి పెళ్లికొడుకులోనూ ఏదో ఒక లోపం కనిపెట్టే కళ నాకు బాగా అబ్బింది. ఇప్పుడు ఎవరూ తేవడం లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

మూడేళ్ల కిందట అతని భార్య పోయిందని తెలిసి పలకరించడానికి ఫోన్ చేశాను. పొడిపొడిగా పలకరింపులయ్యాయి. చివరికి అతనే, “ఇప్పుడు ఏ మొక్క మీద పన్జేస్తన్నావు?” అన్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మొక్కలే. ఫోన్ చెయ్యాలంటే ఒక మొక్క కావాలి. చేదు మొక్కలన్నీ అయిపోవస్తున్నాయి నాకు.

జులై 31, గురువారం

ఫోన్!

“ఏం పంపావు తల్లీ నువ్వు!” అన్నాడు, నమస్కారం లేదు, బాగున్నావా లేదు. “రెండుసార్లు చేశాం. నమ్మలేక మళ్లీ చేశాం. ఒక్కటి మిగల్లా.”

అక్కడ సీసాల్లో మనుషుల రక్తం పోసి, అందులో మలేరియా క్రిముల్ని పెంచుతారు. మనం పంపిన సారం వేసి మూడు రోజులు ఆగి, ఎన్ని చచ్చాయో చూస్తారు. ఎంత తక్కువ మందుతో చస్తే అంత గొప్ప. నేను పంపింది చిటికెడు చాలిందట. ఇంతవరకు ఏ మొక్కకీ అతని గొంతు అలా లేవలేదు. పోయినేడు పంపినదానికి ‘ఏం లేదు శ్యామలా’ అన్నప్పుడు అది మొక్క గురించి అన్నాడో దేని గురించి అన్నాడో తెలియక వారం రోజులు అన్నం సహించలేదు నాకు.

“ఇంకో సంచి తయారు చెయ్యి. ఇది నిలబడితే నేనే వస్తా. తీగ యాడ పెరుగుద్దో నా కళ్లతో చూడాలి.”

నేనే వస్తా అన్నాడు. ఇక్కడికి.

వచ్చేది తీగ కోసం. నాకు తెలుసు. తెలిసే సంతోషంగా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

పొలం గట్ల మీద మళ్లీ తవ్వించాను. కాళ్లనిండా పల్లేరుకాయలు. పాడుకున్నాను కూడా. తవ్వుతున్న దానయ్య పలుగు ఆపి, “ఇయ్యాల మేడంగారు హుషారుగుండారు” అన్నాడు. ఎండ అన్నాను. ఎండకి పాటలెందుకొస్తాయని అడగలేదు, మంచివాడు.

ఆగస్టు 12, మంగళవారం

రెండో విడత వెళ్లింది. అన్నయ్య చీరాల పెళ్లికి వెళ్తే వేళ్లు సంచికెత్తింది వదిన. ఈసారి దంచుతుంటే రుమాలుకి ఏ రంగూ అంటలేదు. వానలు పడ్డాయి కదా, వేళ్లలో నీరెక్కి ఉంటుంది.

ఆగస్టు 29, శుక్రవారం

ఏమీ లేదట. ఒక్క క్రిమి కూడా చావలేదు. పైగా బాగా పెరిగాయట.

అతనే సర్ది చెప్పాడు. “కాలాన్ని బట్టి మారుద్ది గదా. వేసంగి వేరు వేరు, వానాకాలం వేరు వేరు. తీగ వయసు కావచ్చు, నేల కావచ్చు. అందుకే నేను రావాల్సింది. మా డైరెక్టర్‌తో మాట్లాడా. దసరా పోయాక టూర్ ఇస్తన్నాడు. అక్టోబర్ ఎనిమిదిన దిగుతా.”

మొదటిసారి పనిచేసినందుకు వస్తానన్నాడు. రెండోసారి పనిచెయ్యనందుకు తప్పకుండా వస్తున్నాడు. ఇలాంటి సైన్సు అయితే నాకు నచ్చింది.

“వచ్చినప్పుడు పండుమిరపకాయ పచ్చడి ఉంటదా?” అని అడిగాడు. ఉంటుంది నాయనా, ఉంటుంది.

సెప్టెంబర్ 6, శనివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మూడో విడతకి ఆరబెట్టిన వేళ్లు తెచ్చుకుందామని కొట్టుకి వెళ్లాను. మల్లమ్మ సెంటర్ దగ్గర ఆటో దిగి నడిచి వెళ్లేసరికి అన్నయ్య నా సంచిని కాటా మీద పెట్టి ఉన్నాడు. ముల్లు చూశాడు, పెదవి విరిచాడు, పక్క గోనెలోంచి దోసిళ్లకు దోసిళ్లు తీసి నా సంచిలో పోశాడు. ఏదో శుభకార్యం చేసినట్టు ఎంతో నిండుగా పోశాడు.

“ఏంది అన్నయ్యా అది?”

“కొసరు” అన్నాడు.

“దేనికి కొసరు?”

“ఎండితే తరుగు పోయింది గదమ్మా. సంచి మీద పది కిలోలని నువ్వే రాసిపెట్టావు. కాటా మీద చూస్తే తక్కువొచ్చింది. మన కొట్లో నుంచి తూకం తగ్గిన సంచి ఎప్పుడన్నా బయటికి పొయ్యిందా? నాయన ఉంటే నా చెయ్యి ఇరగ్గొట్టేవోడు.”

“పోసింది దూసరి వేరేనా?”

“అది యాడుంది మన దగ్గర? మానుపసుపు. అదీ ఏరే, ఇదీ ఏరే. అదీ జ్వరానికే, ఇదీ జ్వరానికే. ధర చూస్తే దీందే ఎక్కువ. నేనేం తక్కువ సరుకు కలపలా.”

“ఇంతకుముందు కూడా కలిపావా?”

“మొదటిసారి కలిపా. రెండోసారి నేను చీరాల పోతిని గదా, మీ వదిన ఉన్నదున్నట్టు ఎత్తింది. దానికి యాపారం తెలవదు” అని నవ్వాడు మా నాగభూషణం. చెల్లెలి సంచి నిండుగా వెళ్లాలని చేసిన పని అది. కోపం ఎలా రావాలి? వచ్చింది. పెద్దగా అరిచాను. కొట్టు ముందు జనం ఆగారు. అన్నయ్య ఏం జరిగిందో అర్థంకాక చేతులకంటిన దుమ్ము చూసుకుంటూ నిలబడ్డాడు.

అన్నయ్య మీద అరిచాను గాని, కొట్టు మనిషికి తరుగు సంగతి తెలిసినంతగా నాకు తెలియదా? ఆరబెట్టకముందు బరువు సంచి మీద రాసింది నేనే.

సెప్టెంబర్ 8, సోమవారం

కాలేజీలో పరీక్ష చేశాను. గాజుపలక మీద మొదటి విడత సారం ఒక చుక్క, ఒట్టి మానుపసుపు సారం పక్కన ఒక చుక్క. పలకని ద్రావకంలో నిలబెట్టి, చుక్కలు పైకి పాకాక నీలిదీపం కింద పెడితే రెండూ ఒకే ఎత్తులో, ఒకే పచ్చటి వెలుగుతో కూర్చున్నాయి. రెండో విడత చుక్క వెలగనే లేదు.

మొదటి విడతలో ఈ వెలుగు నేను జులైలోనే చూశాను. దూసరితీగ కుటుంబం మొక్కల్లో ఈ రంగు ఉండేదేలే అని సరిపెట్టుకున్నాను. రుమాలు పసుపైనప్పుడూ అంతే. నేను పాఠం చెప్పే సబ్జెక్టు ఇది.

మానుపసుపులో ఆ పసుపు పదార్థం కథ పాతదే. గాజుసీసాలో క్రిమిని చంపుతుంది. మింగితే ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. సీసాలో పులి, కడుపులో పిల్లి. నేను కనిపెట్టిందేమీ లేదు. దూసరివేరులో మందు లేదు. దూసరివేరు చూడటానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

ఇవాళ ఫోన్ చేసి చెప్పేయాలి. అయితే ల్యాబు టైములో మాట్లాడితే విసుక్కుంటాడు. రేపు.

సెప్టెంబర్ 9, మంగళవారం

చెప్పలేదు. కాలేజీలో ఇన్‌స్పెక్షన్.

సెప్టెంబర్ 11, గురువారం

ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. చెప్పలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

అతనే చేశాడు. విమానం టికెట్ వచ్చిందట. విజయవాడలో దిగి కారు మాట్లాడుకుంటాడట. “కోటప్పకొండ మీద కూడా ఆ తీగ ఉంటదా?” అన్నాడు. ఉంటుందన్నాను. “అయితే మెట్లెక్కి పోదాం. నీకు మోకాళ్లు బాగున్నయ్యా?” అన్నాడు. నీకన్నా బాగున్నాయన్నాను. నవ్వాడు. ఆ నవ్వు వింటూ వింటూ, చెప్పాల్సిన మాట నోట్లోనే పెట్టుకుని ఫోన్ పెట్టేశాను.

ఒకసారి రానీ. వచ్చాక నేనే ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను. ఫోన్లో చెప్పడంకన్నా అదే మర్యాద. నిజంగానే మర్యాద.

సెప్టెంబర్ 20, శనివారం

మంగళగిరి చీర కొన్నాను. నీలం. దసరాకి.

సెప్టెంబర్ 23, మంగళవారం

తేజస్వి అని గోపీచంద్ దగ్గర పీహెచ్‌డీలో కొత్తగా చేరిన పిల్ల ఫోన్ చేసింది. మాచర్ల పిల్లట, గొంతులోనే తెలుస్తుంది. “మేడమ్, నా థీసిస్ దూసరితీగ మీదే పెట్టుకుంటన్నా. సార్ చెప్పారు. రేపే టైటిల్ ఇచ్చేస్తన్నా. మన పల్నాడు మొక్క మీద పని అంటే మా ఇంట్లో ఎంత సంబరపడ్డారో” అని ఒకటే హడావిడి. వాళ్ల మేనమామ కొడుకు చిన్నతనంలో చలిజ్వరం వచ్చి పోయాడట. అందుకే ఈ లైను ఎంచుకుందట.

మంచిదమ్మా అన్నాను.

మంచిదమ్మా! ఆ పిల్ల బతుకులో నాలుగేళ్లు మా అన్నయ్య కొసరు మీద పొయ్యబోతోంది. నాకు ఒక మనిషిని ఒక్కరోజు కళ్లారా చూసుకోవాలని ఉంది గనక. రాసుకుంటే ఇలా ఉంది నేను చేస్తున్న పని. ఇన్నాళ్లూ మర్యాద అని పేరు పెట్టాను దీనికి.

సెప్టెంబర్ 24, బుధవారం

పొద్దున్నే చెప్పాను, ఆ పిల్ల కాగితం ఇవ్వకముందే. మొత్తం చెప్పాను. తరుగు, కాటా, కొసరు, మానుపసుపు, గాజుపలక. తెలిసి రెండు వారాలైందని కూడా చెప్పాను.

అంతా విన్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. “నాగభూషణం అన్నయ్యకి చెప్పు, ఆయన కొసరు మీద ఢిల్లీలో ఒక ల్యాబు రెండు నెలలు బతికిందని.” నాకు నవ్వు రాలేదు. కాసేపటికి అతనూ ఆపేశాడు.

“ఆ పచ్చటి వెలుగు నేనూ చూశా శ్యామలా” అన్నాడు. “ఎందుకైనా మంచిదని అప్పుడే సరిపోల్చాల్సింది. తర్వాత చూద్దాంలే అనుకున్నా.”

“ఎందుకు తర్వాత?”

అతను మాట మార్చాడు. “తేజస్వికి వేరే పని ఇస్తాలే, దిగులుపడబాక” అన్నాడు. “టూర్ రద్దు చేయించాల.”

“చేయించాల” అన్నాను నేను కూడా. ఆఫీసు వాళ్లలా మాట్లాడుకున్నాం.

చెప్పినందుకు మనసు తేలిక పడుతుందని అంటారే, అదేమీ పడలేదు. మంచి పని చేశాను, ఏడుపొస్తోంది, రెండూ ఉన్నాయి.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఫోన్ లేదు. ఎందుకుంటుంది, నా దగ్గర సీసా లేదు, అతని దగ్గర ఫలితం లేదు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. శుభాకాంక్షలు అని మెసేజి పంపాడు, పూలదండ బొమ్మతో. అదే బొమ్మ మా ప్రిన్సిపాల్ కూడా పంపాడు.

అక్టోబర్ 5, ఆదివారం

కొట్టుకి వెళ్లి గోనెలన్నీ చూశాను. తిప్పతీగ ఉంది, పాలసుగంధి ఉంది, నేలవేము ఉంది. ఏదో ఒకటి పంపిస్తే ఒక ఫోన్ వస్తుంది. నేలవేములో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. “కావాలంటే తీసుకుపోమ్మా, ఈసారి ఏం కలపన్లే” అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా. అరిచినప్పటి నుంచి నాతో తగ్గి మాట్లాడుతున్నాడు. వద్దన్నయ్యా అని చెప్పి అతని పక్కన కాసేపు కూర్చుని వచ్చాను.

అక్టోబర్ 8, బుధవారం

అతను రావాల్సిన రోజు. కాలేజీకి ముందే సెలవు పెట్టాను, రద్దు చెయ్యడం మర్చిపోయాను. మర్చిపోలేదు. చెయ్యలేదు.

తలంటుకుని నీలం చీర కట్టుకుని కూర్చున్నాను. వదిన వచ్చి గుమ్మంలో నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది.

“ఆయన రాట్లేదని తెలుసు గదా?”

“తెలుసు.”

“మరి చీరెందుకు కట్టావు?”

కొత్తది కదా, కట్టుకోవాలిగా అన్నాను. వదిన వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది. “ఏమే, పండుమిరపకాయ పచ్చడి జాడీడు పెట్టించావు. మనింట్లో ఎవరం తింటాం అంత కారం? ఫోన్ చేసి రమ్మను.”

“ఏమని చెప్పి రమ్మనను వదినా? పనేం లేదు ఇప్పుడు.”

“నేను మా పుట్టింటికి ఫోన్ చేసేది పనుండా?” అని లేచి వెళ్లిపోయింది.

చేశాను. వైవా పరీక్షలోకి వెళ్లినట్టుంది.

“చెప్పు శ్యామలా. కొత్త శాంపిలా?”

“శాంపిల్ ఏం లేదు.”

“మరి?”

“నువ్వు ఇయ్యాల రావాల్సింది. రాలేదు. నాకు చానా కష్టంగా ఉంది. అది చెబుదామని చేశా.”

వెనక ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. తలుపు మూసినట్టుంది, ఆ చప్పుడు ఆగింది.

“వస్తే ఏం చూపిస్తావు? తీగలో ఏం లేదని తేలింది గదా” అన్నాడు. గొంతు మెత్తగా ఉంది.

“నేనేం చూపించను. నిన్ను చూడాలని ఉంది. జులై నుంచి కాదు. వైజాగ్ నుంచి.”

అనేశాను. వయసు నలభై దాటింది, కొత్త చీర కట్టుకుని మంచం అంచున కూర్చుని అనేశాను. సిగ్గు వేసింది. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

అతను అన్నాడు: “ఆఫీసు పనైతే విమానం. సొంత పనైతే నాకు రైలే.”

రానని చెప్పడానికి ఇదొక పద్ధతి కాబోలు అనుకుని, సరేలే అన్నాను. ఫోన్ పెట్టేశాక చీర మార్చుకున్నాను. పచ్చడి జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టమని వదినతో చెప్పాను. వదిన పెట్టలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

మాటేమీ లేదు, ఫోన్లో ఒక బొమ్మ పంపాడు. రైలు టికెట్. ఢిల్లీ నుంచి విజయవాడ, వచ్చే నెల మొదటి వారం. బెర్తు దొరకలేదు. వెయిటింగ్ లిస్టు, నలభై ఒకటి.

నలభై ఒకటి అంటే కష్టమే. వదినకి చూపిస్తే, “నాగార్జునసాగర్ నీళ్లలాగా మెల్లగా దిగుద్దిలే” అంది.

అక్టోబర్ 11, శనివారం

ముప్పై ఎనిమిది. నేను అడగలేదు, అతనే పంపాడు.

అక్టోబర్ 12, ఆదివారం

ముప్పై ఎనిమిదే. ఎవరూ కదల్లేదు. ఢిల్లీలో ఇంతమందికి విజయవాడలో ఏం పనుంటుంది, ఇళ్లల్లో కూర్చోవచ్చు కదా.

అక్టోబర్ 14, మంగళవారం

ముప్పై మూడు. ఆ బొమ్మ పక్కన ఇవాళ ఒక మాట కూడా ఉంది, ‘దిగుతంది’ అని.

కదులుతుందో లేదో, బెర్తు వస్తుందో రాదో తెలియదు. ఇన్నేళ్లూ ఎదురు చూడటం నా ఒక్కదాని పని అనుకున్నాను. మెసేజి నేను నిద్ర లేవకముందే వచ్చి ఉంది. అంటే తను నాకన్నా ముందు లేచి చూసుకుంటున్నాడు.